వెండితెరపై యుద్ధం: చూడదగిన చిత్రాలేవి?

యుద్ధచిత్రాలంటే ఇష్టపడని విద్యార్థి మన కళాశాలలో అరుదు. టాంకులు, విమానాలు, ఫిరంగుల గర్జన, పొగలోనుండి దూసుకువచ్చే సైనికులు – ఇవి తెరపై కనుపిస్తే యౌవనంలో వున్న మనస్సు ఉప్పొంగడం సహజమే. పెద్దలలో కొందరు ఈ చిత్రాల పేరెత్తితేనే ముఖం చిట్లిస్తారు. హింసను చూసి పిల్లలు నేర్చుకొనేది ఏముంటుందని వారి ప్రశ్న. నేను ఈ ఉభయపక్షాలలో దేనికీ చెందినవాడను కాను. విద్యార్థిదశనుండి నేటివరకు దేశదేశాల యుద్ధచిత్రాలను వీలు దొరికినప్పుడల్లా చూస్తూ వచ్చాను. వాటిలో అధికభాగం మరునాటికే మరుపున పడ్డాయి. కొన్ని మాత్రం ఏళ్ళు గడచినా మనస్సును వీడిపోలేదు. ఈ తేడా ఎక్కడున్నదో విచారించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

యుద్ధాన్ని చలనచిత్రంగా మలచడంలో ఒక చిక్కున్నది. ఫ్రెంచి దర్శకుడు ఫ్రాన్స్వా త్రూఫో దీనినే ప్రస్తావిస్తూ, యుద్ధాన్ని గురించిన చిత్రం ఏదైనా చివరకు యుద్ధానికి అనుకూలంగానే పరిణమిస్తుందన్న అభిప్రాయం వెలిబుచ్చాడు. ఆలోచించి చూస్తే అందులో నిజం లేకపోలేదు. దర్శకుడు యుద్ధాన్ని ఎంత గర్హించదలచినా, కెమెరా ముందు పేలుడు అందంగానే వుంటుంది. వరుసలు తీరి నడిచే సైన్యం కంటికి ఇంపుగానే వుంటుంది. ప్రేక్షకుడు మెత్తని కుర్చీలో కూర్చొని వున్నాడు. తెరపైనుండి ఏ తూటా అతనిని తాకబోదు. అతనికి మిగిలేది ఉత్సాహం మాత్రమే. మరి ఈ చిక్కునుండి బయటపడిన దర్శకులు ఏ దారి తొక్కారు?

ఈ ప్రశ్నకు సమాధానం సినిమాలకంటె ముందు మన కవులవద్ద దొరుకుతుందని నా నమ్మకం. మన పత్రిక రెండు భాషల పత్రిక. ఆ రెండు భాషలలోనూ యుద్ధాన్ని వర్ణించిన మహాకవులున్నారు. ఉర్దూ విభాగపు మిత్రులకు తెలిసినదే అయినా తెలుగు పాఠకుల కొరకు చెబుతున్నాను. కర్బలా రణరంగంపై వెలసిన మర్సియా కావ్యాన్ని మీర్ అనీస్ వంటివారు కొన్ని అంగాలుగా నడిపారు. మొదట చెహ్రా, అనగా ప్రస్తావన, తరువాత సరాపా, వీరుని ఆపాదమస్తక వర్ణన, పిమ్మట రుఖ్సత్, ఇంటివారివద్ద వీడ్కోలు, ఆపై ఆమద్, రణరంగ ప్రవేశం, రజజ్, వీరుడు తన వంశాన్నీ శౌర్యాన్నీ చాటుకొనడం, అటుపిమ్మట జంగ్, అసలు యుద్ధం, షహాదత్, వీరమరణం, చివరకు బైన్, విలాపం. ఇన్ని అంగాలలో యుద్ధం ఒక్కటి మాత్రమే! వినేవారి కంట నీరు తెప్పించేది జంగ్ కాదు, దానికి ముందున్న రుఖ్సత్, దాని తరువాత వచ్చే బైన్.

తెలుగులో మాత్రం? తిక్కన సోమయాజి యుద్ధపర్వాలు ముగించి ఊరుకోలేదు. స్త్రీపర్వంలో గాంధారిని, కోడళ్ళను శవాలమధ్యకు తీసుకువచ్చాడు. ఆమె తన కొడుకుల కొరకే గాక అభిమన్యుని కొరకు, ఉత్తర కొరకు కూడా దుఃఖిస్తుంది. పల్నాటి వీరుల కథలో బాలచంద్రుడు రణానికి పోయేముందు మాంచాలవద్దకు వెళ్ళే ఘట్టం లేకపోతే ఆ కథకు ప్రాణమే లేదు. అందుచేత ఒక యుద్ధచిత్రాన్ని చూసేటప్పుడు నేను పోరాట దృశ్యాల ఘనతను అంతగా పట్టించుకోను. అందులో వీడ్కోలు ఎట్లా వుంది, విలాపం ఎవరెవరికి దక్కింది, గాంధారి అభిమన్యుని కొరకు ఏడ్చినట్లు ఎదుటిపక్షం కొరకు కూడా ఎవరైనా ఏడ్చారా అని చూస్తాను.

ఈ దృష్టితో చూసినప్పుడు మొట్టమొదట చెప్పవలసినది 1930లో వెలువడిన 'ఆల్ క్వయిట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్'. జర్మను రచయిత రెమార్క్ 1929లో ప్రకటించిన నవలను లూయీ మైల్‌స్టోన్ అనే దర్శకుడు అమెరికాలో చిత్రంగా తీశాడు. మొదటి ప్రపంచయుద్ధంలో పాల్ బోమర్ అనే జర్మను విద్యార్థి, అతని సహాధ్యాయులు సైన్యంలో చేరి ఒక్కొక్కరే మరణించడం ఇందలి కథ. యుద్ధంలో జర్మనీకి ఎదుటిపక్షాన నిలిచిన దేశంలో, యుద్ధం ముగిసిన పన్నెండేళ్ళకే, ఒక జర్మను సైనికుణ్ణి నాయకునిగా చేసి తీసిన చిత్రమిది.

ఈ చిత్రంలో మొదటి తుపాకి రణరంగంలో పేలదు, తరగతిగదిలో పేలుతుంది. కిటికీ వెలుపల వీధిలో సైన్యం బాండుమేళంతో సాగిపోతూంటుంది. లోపల కాంటోరెక్ అనే ఉపాధ్యాయుడు పాఠం పక్కనపెట్టి, మాతృభూమి పిలుస్తున్నదని విద్యార్థులకు ఉపన్యసిస్తుంటాడు. అతని కంఠం పెరిగినకొద్దీ పిల్లల కళ్ళు వెలుగుతాయి. చివరకు పుస్తకాలు, కాగితాలు గాలిలోకి ఎగరవేసి పాడుకొంటూ తరగతి మొత్తం సైన్యంలో చేరడానికి బయలుదేరుతుంది. నల్లబల్లముందు నిలబడి జీవనం సాగించే నావంటివారికి ఆ దృశ్యం చూడడం కష్టం. కాంటోరెక్ దుర్మార్గుడు కాడు. తాను చెప్పేదానిని మనసారా నమ్మినవాడే. అతడు యుద్ధానికి పోడు, అంతే.

తరువాత మరొక దృశ్యమున్నది. పాల్ గాయపడి కోలుకొని సెలవుపై స్వగ్రామం వస్తాడు. అదే పాఠశాల, అదే గది, అదే ఉపాధ్యాయుడు. బల్లలపై మాత్రం ఇంకా చిన్నపిల్లలు. ఈ వీరుని నోట రెండు మాటలు చెప్పించి పిల్లలను ఉత్తేజపరచవలెనని కాంటోరెక్ కోరిక. పాల్ ఎంతో తడబడి, తాము కందకాలలో బ్రతుకుతున్నామనీ, చావకుండా వుండడానికి ప్రయత్నిస్తున్నామనీ, ఒక్కొక్కప్పుడు చస్తున్నామనీ చెబుతాడు. పిల్లలు అతనిని పిరికివాడని గేలిచేస్తారు. సెలవు ముగియకముందే అతడు కందకాలకు తిరిగిపోతాడు. అక్కడ కనీసం అబద్ధం చెప్పవలసిన పని లేదు.

ఇదే చిత్రంలో గొయ్యి దృశ్యం జగత్ప్రసిద్ధం. ఫిరంగి గుండు పడి ఏర్పడిన గోతిలో పాల్ దాగి వుండగా ఒక ఫ్రెంచి సైనికుడు అందులోకి దూకుతాడు. భయంతో పాల్ కత్తితో పొడుస్తాడు. ఆ మనిషి వెంటనే చావడు. బయట కాల్పుల మధ్య, కదలడానికి వీలులేక, తాను పొడిచిన మనిషి మూలుగు వింటూ పాల్ ఆ రాత్రంతా గడపవలసివస్తుంది. నీళ్ళు త్రాగిస్తాడు, క్షమించమని ప్రాధేయపడతాడు. అతడు మరణించిన తరువాత జేబులోని కాగితాలు తీస్తే భార్యాబిడ్డల ఛాయాచిత్రం కనుపిస్తుంది, పేరు తెలుస్తుంది. అంతవరకు 'శత్రువు' అయినవాడు ఆ క్షణంనుండి జెరార్డ్ దువాల్ అయ్యాడు. ఆ పాత్ర ధరించిన రేమండ్ గ్రిఫిత్ మూగచిత్రాలలో హాస్యనటునిగా పేరుపొందినవాడు. కంఠం దెబ్బతిని గుసగుసగా తప్ప మాట్లాడలేకపోయినందువల్ల మాటల చిత్రాలు వచ్చాక అతనికి అవకాశాలు లేకపోయాయి. ఇందులో అతనికి మాట ఒక్కటీ లేదు. ఆ ముఖం మాత్రం మరపురాదు.

ఈ చిత్రానికి జరిగిన మర్యాద కూడా తెలుసుకోదగినదే. 1930 డిసెంబరులో బెర్లినులో ప్రదర్శించినప్పుడు గోబెల్సు నాయకత్వాన నాజీలు హాలులోకి దుర్గంధపు గోళీలు విసిరి, తెల్ల ఎలుకలను వదలి అల్లరి చేశారు. కొద్దిరోజులకే ప్రభుత్వం చిత్రాన్ని నిషేధించింది. మూడేళ్ళ తరువాత రెమార్క్ గ్రంథాలు నడివీధిలో దహనమయ్యాయి. పాల్ పాత్రధారి లూ ఏర్స్ రెండవ ప్రపంచయుద్ధ కాలంలో తాను ఆయుధం పట్టనని ప్రకటించి ఎన్నో నిందలు పడ్డాడు. పిదప వైద్యదళంలో చేరి పసిఫిక్ యుద్ధరంగంలో క్షతగాత్రులకు సేవచేశాడు.

2022లో ఎడ్వర్డ్ బెర్గర్ ఇదే నవలను జర్మను భాషలో మరల తీశాడు. నాలుగు ఆస్కారు బహుమతులు పొందిన చిత్రమది. బురద, చలి, ఆకలి అందులో చూపినట్లు పాతచిత్రంలో లేవు. ఐనా, సెలవుపై ఇంటికి వచ్చే ఘట్టాన్ని ఆయన పూర్తిగా తొలగించాడు. తల్లి లేదు, తరగతిగది మరల రాదు. ఛాయాగ్రహణం ఎంత గొప్పదైనా అది నాకు తీరని లోటుగానే తోచింది.

ఇల్లే ప్రధానంగా తీసిన చిత్రం ఒకటున్నది. సోవియట్ దర్శకుడు గ్రిగోరీ చుఖ్రాయ్ 1959లో తీసిన 'బాలడ్ ఆఫ్ ఎ సోల్జర్', అనగా సైనికుని గాథ. చుఖ్రాయ్ స్వయంగా స్టాలిన్‌గ్రాడ్‌లో పోరాడి గాయపడినవాడు. అటువంటివాడు యుద్ధాన్ని తీస్తే పోరాటాలే వుంటాయని అనుకొంటాం. కాని ఈ చిత్రంలో పోరాటం మొదటి కొద్ది నిమిషాలలోనే ముగిసిపోతుంది. పందొమ్మిదేళ్ళ అల్యోషా భయంతో పరుగెడుతూ, విధిలేక రెండు జర్మను టాంకులను ధ్వంసం చేస్తాడు. సేనాపతి పతకం ఇస్తానంటే, పతకానికి బదులు ఇంటికి పోయిరావడానికి సెలవిమ్మంటాడు. ఇంటి కప్పు కారుతున్నదని అమ్మ జాబు వ్రాసింది, బాగుచేసి వస్తానంటాడు! సేనాపతి లెక్కవేసి ఆరు రోజులిస్తాడు: పోవడానికి రెండు, రావడానికి రెండు, కప్పుకు రెండు.

ఇక కథంతా ప్రయాణమే. దారిలో ఒక్కొక్కరు ఎదురవుతారు, ఒక్కొక్కరికి కొంత కాలం ఖర్చవుతుంది. ఒక సైనికుడు తన భార్యకు రెండు సబ్బుబిళ్ళలు చేర్చమంటాడు. ఆ దళం మొత్తానికి వున్నవి ఆ రెండే; వాటినే అందరూ కలిసి ఇచ్చివేశారు. యుద్ధకాలంలో సబ్బంటే ఎంత అపురూపమో పాఠకులు ఊహించుకోవచ్చు. అల్యోషా ఇల్లు వెదుక్కొంటూ పోతే ఆమె మరొకనితో కాపురం చేస్తూ వుంటుంది. ఇచ్చిన సబ్బును తిరిగి తీసుకొని, ఆ సైనికుని ముసలి తండ్రికి ఇచ్చి, కొడుకు క్షేమాన్ని గురించి నాలుగు మంచిమాటలు చెప్పి కదులుతాడు. మరొకచోట కాలు పోగొట్టుకొన్న సైనికుడు భార్యకు ముఖం చూపలేక వెనుదిరగబోతే అతనికి తోడు నిలిచి తన బండి తప్పిపోనిస్తాడు. షూరా అనే బాలికతో పరిచయం, చెప్పుకోని ప్రేమ, రైల్వేస్టేషనులో విడిపోవడం కూడా ఆ దారిలోనే. ఈ ఇద్దరి పాత్రలూ ధరించినవారు అప్పటికి విద్యార్థులే. ఆ ముఖాలలో నటన కనుపించకపోవడానికి అదొక కారణం కావచ్చు.

చివరకు గ్రామం చేరేసరికి మిగిలినవి కొద్ది నిమిషాలు. పొలంనుండి తల్లి పరుగెత్తుకొంటూ వస్తుంది. కౌగిలించుకొంటారు, ఏమి మాట్లాడాలో ఇద్దరికీ తెలియదు, వాహనం వేచి వున్నది. కప్పు అట్లాగే వుండిపోతుంది. ఇతడు తిరిగిరాడని చిత్రం మొదటనే మనకు చెప్పివేశారు. దూరదేశపు మట్టిలో ఎక్కడో అతని సమాధి వున్నదట. ఆ సంగతి తెలిసి చూస్తున్నందువల్ల ప్రతి ఆలస్యమూ ప్రేక్షకుని గుండెపై బరువై కూర్చుంటుంది. రుఖ్సత్ ఒక్కటే అంగంగా ఒక మర్సియా వ్రాస్తే ఎట్లా వుంటుందో ఈ చిత్రం అట్లా వుంటుంది.

ఫ్రెంచి దర్శకుడు జాన్ రెన్వార్ 1937లో తీసిన 'గ్రాండ్ ఇల్యూజన్' చిత్రంలో అసలు యుద్ధమే లేదు. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనుల చేతికి చిక్కిన ఫ్రెంచి ఖైదీల కథ. రెన్వార్ ఆ యుద్ధంలో విమానం నడిపినవాడు, కాలికి తగిలిన గాయంతో జీవితాంతం కుంటినవాడు. తన సైనిక దుస్తులనే నాయకపాత్రధారి జాన్ గాబెన్‌కు తొడిగాడు. పారిపోయిన ఇద్దరు ఖైదీలకు ఒక జర్మను రైతుస్త్రీ ఆశ్రయమిస్తుంది. భర్త, సోదరులు ఏయే యుద్ధాలలో పోయారో చెబుతూ, అవన్నీ తమ దేశానికి ఘనవిజయాలేనని ఆమె అంటుంది. ఆపై భోజనపు బల్లను చూపి అది ఇప్పుడు మరీ పెద్దదైపోయిందంటుంది. ఇటువంటి బైన్ చలనచిత్రాలలో నేను మరెక్కడా వినలేదు. చిట్టచివర ఆ ఇద్దరూ మంచుమీద సరిహద్దు దాటి స్విట్జర్లాండులో అడుగు పెడతారు. గురిపెట్టిన జర్మను సైనికులు అది చూచి తుపాకులు దించివేస్తారు. మంచుమీద గీత ఎక్కడా కనుపించదు! మన తెలుగులో 2015లో క్రిష్ దర్శకత్వాన వచ్చిన 'కంచె' ఈ భావానికి దగ్గరగా వచ్చినది. పల్లెలోని కులపు కంచెను, ఇటలీ రణరంగాన్ని ఒకే కథలో ముడివేసే సాహసం అంతకుముందు మనవారు చేయలేదు. పాటలు కొంత తగ్గించి వుంటే బాగుండేదనిపిస్తుంది, అది వేరే మాట.

స్టాన్లీ కూబ్రిక్ 1957లో తీసిన 'పాథ్స్ ఆఫ్ గ్లోరీ' శత్రువే కనుపించని యుద్ధచిత్రం. పదవీకాంక్షగల ఒక ఫ్రెంచి జనరలు సాధ్యంకాని కోటను పట్టమని ఆజ్ఞాపిస్తాడు. దాడి విఫలమైతే పిరికితనం నేరంపై ముగ్గురు సైనికులను ఎంపికచేసి కాల్పిస్తాడు. ఒకనిపేరు చీట్లు వేసి తీస్తారు. స్పృహతప్పి వున్న అతనిని బుగ్గలు తట్టి లేపి మరీ కాలుస్తారు. 1915లో ఫ్రెంచి సైన్యంలో నలుగురు కార్పొరల్సును ఇట్లే కాల్చిన ఉదంతం ఈ కథకు ఆధారం. ఫ్రాన్సులో ఈ చిత్రం 1975వరకు ప్రదర్శనకు రాలేదు. చివర పానశాలలో బందీగా పట్టుబడిన జర్మను బాలికను వేదికపైకి ఈడ్చి పాడమంటారు. ఈలలు, కేకలు. ఆమె వణికే గొంతుతో పాడడం మొదలుపెట్టగానే ఈలలు ఆగిపోతాయి. భాష తెలియని సైనికులు ఆ రాగాన్నే కూనిరాగంగా అందుకొంటారు, కళ్ళు తుడుచుకొంటారు. బయట కర్నలుకు మరల కందకాలకు పొమ్మని ఆజ్ఞ వచ్చింది. వారికి ఇంకా కొద్ది నిమిషాలు ఇవ్వమని చెప్పి ఆయన వెళ్ళిపోతాడు.

ఇంతవరకు చెప్పినవి రాజ్యాల మధ్య జరిగిన యుద్ధాలు. ఒక జాతి తన స్వాతంత్ర్యం కొరకు పోరాడినప్పుడు ఎదుటివాని ముఖం చూపమనడం న్యాయమేనా అని ఎవరైనా అడగవచ్చు. దీనికి జవాబు 1966లో ఇటలీ దర్శకుడు జిలో పొంటెకొర్వో తీసిన 'బాటిల్ ఆఫ్ ఆల్జియర్స్'. ఫ్రెంచి పాలనపై అల్జీరియా ప్రజలు 1954నుండి సాగించిన పోరాటంలో ఆల్జియర్స్ నగర ఘట్టం ఇందలి ఇతివృత్తం. ఆ పోరాటంలో నాయకత్వం వహించిన యాసెఫ్ సాదీ ఈ చిత్రానికి నిర్మాతలలో ఒకడు, తన పాత్రను తానే ధరించాడు. నటుల్లో దాదాపు అందరూ ఆ నగరంలోని సామాన్యులే. ఫ్రెంచి కర్నలు పాత్రధారి జాన్ మార్టెన్ ఒక్కడే వృత్తినటుడు. అతడు నిజజీవితంలో అల్జీరియా యుద్ధాన్ని ఖండించే ప్రకటనపై సంతకం చేసి నాటకరంగంలో పని పోగొట్టుకొన్నవాడు కావడం విశేషం. చూచేవారికి ఇదంతా వార్తాచిత్రంలా తోస్తుంది. ఒక్క అడుగు వార్తాచిత్రమైనా ఇందులో వాడలేదు.

దర్శకుని సానుభూతి అల్జీరియావైపే వున్నదనడంలో సందేహం లేదు. పోలీసు అధికారులు అర్ధరాత్రి కస్బాలో బాంబు పెట్టి ఇళ్ళు కూల్చివేస్తారు. దానికి ప్రతీకారంగా ముగ్గురు స్త్రీలు ఐరోపావారి వేషంలో తనిఖీలు దాటి కాఫీ హోటళ్ళలో బాంబులుంచుతారు. ఇక్కడ దర్శకుడు తొందరపడడు. బాంబు వుంచిన స్త్రీ చూపుతోపాటు కెమెరా ఆ హోటలంతా కలయజూస్తుంది. ఐస్‌క్రీం తింటున్న పసివాడు, నాట్యం చేస్తున్న యువతీయువకులు, నవ్వుకొంటున్న ముసలివారు. మరికొన్ని నిమిషాలలో వీరు వుండరని ఆమెకు తెలుసు, మనకు తెలుసు. కస్బా శిథిలాలనుండి మృతదేహాలను తీసేటప్పుడు వినిపించిన విషాదసంగీతమే, హోటలు శిథిలాలనుండి మృతదేహాలను తీసేటప్పుడు కూడా వినిపిస్తుంది. పోరాటం న్యాయమైనదని చెబుతూనే దాని మూల్యాన్ని దాచకుండా చూపడం సామాన్యమైన నిజాయితీ కాదు. వెనిస్ ఉత్సవంలో ప్రథమ బహుమతి పొందిన ఈ చిత్రాన్ని ఫ్రాన్సులో కొన్నేళ్ళు ప్రదర్శించనీయలేదు. 2003లో ఇరాకు ఆక్రమణ తరువాత అమెరికా రక్షణశాఖవారు దీనిని తమ అధికారులకు ప్రదర్శించి చూపారు. వారు ఏమి నేర్చుకొన్నారో చరిత్రే చెబుతున్నది.

మన దేశానికి వస్తే, చేతన్ ఆనంద్ 1964లో తీసిన 'హకీకత్' ఈనాటికీ నాకు మిన్నగా తోస్తుంది. 1962 చైనా యుద్ధంలో లడఖ్ మంచుకొండలపై చిక్కుకొన్న మన సైనికదళం కథ. గెలిచిన యుద్ధంపై చిత్రం తీయడం తేలిక. దెబ్బతిన్న రెండేళ్ళకే, ఆ గాయం పచ్చిగా వుండగానే, వెనుకకు మరలే సైన్యాన్ని నాయకునిగా చేసి చిత్రం తీయడానికి గుండెనిబ్బరం కావాలి. పాటలు కైఫీ ఆజ్మీ సాహెబుగారివి, సంగీతం మదన్ మోహన్‌గారిది. కైఫీ సాహెబు మన హైదరాబాదు అల్లుడని ఉర్దూ మిత్రులు గర్వంగా చెప్పుకొంటారు, అది న్యాయమే! రాత్రివేళ సైనికులు తమ ఇళ్ళను తలచుకొంటూ పాడుకొనే పాట ఒకటున్నది. రఫీ, తలత్ మహమూద్, మన్నాడే, భూపీందర్ – నలుగురి కంఠాలు, నలుగురు సైనికులు, నాలుగు ఇళ్ళు. ఐతే ఈ చిత్రంలోనూ ఎదుటిపక్షం మనుష్యులుగా కనుపించరని ఒప్పుకోవాలి.

తెలుగులో 2017లో వచ్చిన 'ఘాజీ' ప్రస్తావన ఇక్కడ అవసరం. 1971 డిసెంబరు 3-4 తేదీల మధ్యరాత్రి విశాఖపట్నం తీరానికి దగ్గరలో పాకిస్తాను జలాంతర్గామి ఘాజీ మునిగిపోయింది. అందులోని తొంభైమందికి పైగా నావికులలో ఒక్కడూ బ్రతకలేదు. మునగడానికి కారణమేమిటన్నదానిపై రెండు దేశాలూ రెండు విధాలుగా చెబుతాయి. దర్శకుడు సంకల్ప్ రెడ్డికి ఇది మొదటి చిత్రం. పాటలు, అనవసర హాస్యం లేకుండా జలాంతర్గామిలోని ఇరుకును, ఊపిరి సలపని నిశ్శబ్దాన్ని చూపిన తీరు మెచ్చుకోదగినది.

ఆ చిత్రం చూచివచ్చిన విద్యార్థి ఒకడు నన్ను ఒక ప్రశ్న అడిగాడు. మన నావ బయటపడినప్పుడు అందరితోపాటు తానూ చప్పట్లు కొట్టాడట, సంతోషించాడట. "కాని సార్, ఆ రెండో నావలో పోయినవాళ్ళ పేర్లన్నీ మన హాజరుపట్టీలో వున్నట్టే వున్నాయి. వాళ్ళలో ఒక్కడి మొహమూ నాకు గుర్తు లేదు. అదెందుకని?" అన్నాడు. ఈ ప్రశ్నకు 1948లో ఝంగర్ వద్ద ప్రాణమిచ్చిన బ్రిగేడియర్ ఉస్మాన్ పేరు, 1965లో పరమవీరచక్ర పొందిన అబ్దుల్ హమీద్ పేరు చెప్పి ముగించడం సులభం. మనవారు సాధారణంగా అట్లాగే చెబుతారు. కాని ఆ కుర్రవాడు అడిగినది అది కాదు. అతని దేశభక్తికి అనుమానమూ లేదు, సాక్ష్యం అవసరమూ లేదు. అతడు అడిగినది చిత్రకళకు సంబంధించిన ప్రశ్న, చాలా మంచి ప్రశ్న. ఘాజీ కెప్టెను పాత్ర పళ్ళు కొరికే ప్రతినాయకునిగా మాత్రమే వున్నది. అతనివెంట వున్న తొంభైమందికి ఇల్లూ లేదు, ఉత్తరమూ లేదు. ముఖం లేనివాడు మునిగిపోతే ప్రేక్షకునికి విజయం మాత్రమే మిగులుతుంది. ఏమి జరిగిందో తెలియదు.

నేనతనికి 'దాస్ బూట్' చూడమని చెప్పాను. జర్మను దర్శకుడు వోల్ఫ్‌గాంగ్ పీటర్సన్ 1981లో తీసిన జలాంతర్గామి కథ ఇది. యుద్ధకాలంలో విలేఖరిగా అటువంటి నావలో ప్రయాణించిన బుఖైమ్ నవల దీనికి ఆధారం. నలభైవేలమంది జర్మను జలాంతర్గామి నావికులలో ముప్ఫైవేలమంది తిరిగిరాలేదని చిత్రం ప్రారంభంలోనే చెబుతారు. వీరు హిట్లరు కొరకు పోరాడినవారు. వారు గెలవాలని మనం ఎంతమాత్రం కోరలేము. ఐనా నీటి ఒత్తిడికి మరలు తుపాకిగుండ్లవలె ఊడివస్తున్నప్పుడు వారితోపాటు మనమూ ఊపిరి బిగబడతాము. వారు టార్పెడోతో కొట్టిన నౌక గంటలతరబడి కాలుతూ వుంటుంది. ఇంకా దానిపై మనుష్యులున్నారని కెప్టెను అప్పుడు గ్రహిస్తాడు. వారు నీటిలోకి దూకి సహాయం కొరకు తనవైపే ఈదుకొంటూ వస్తూంటే, తన ఇరుకు నావలో చోటులేక, వెనుకకు నడపమని ఆజ్ఞ ఇస్తాడు. ఆ క్షణాన ఆ నావికుల ముఖాలు చూడండి. శత్రువును మనిషిగా చూపడమంటే అతనిని మంచివాడని చెప్పడం కాదు. అతడు చేసినదానిని అతని కళ్ళతో అతడే చూచేటట్లు చేయడం.

సోవియట్ దర్శకుడు ఎలెం క్లిమోవ్ 1985లో తీసిన 'కమ్ అండ్ సీ' గురించి ఒక్క హెచ్చరిక మాత్రం చేస్తాను. బెలారుస్ పల్లెలను నాజీలు ప్రజలతో సహా దగ్ధం చేసిన కథ అది; అటువంటి పల్లెలు 628 అని చివర తెలుపుతారు. కథలోని బాలుని ముఖం కొద్దిరోజులలోనే ముసలివాని ముఖమవుతుంది. త్రూఫో అభ్యంతరానికి లొంగని చిత్రం నాకు తెలిసినంతలో ఇదొక్కటే. దీనిని చూచి ఎవరికీ ఉత్సాహం కలగదు. చిన్నతరగతుల పిల్లలకు ఇది తగదు. పెద్దలు కూడా ఒంటరిగా చూడకపోవడమే మేలు.

ఇప్పుడు ఈ చిత్రాలు చేతిలోని సెల్‌ఫోనులోనే దొరుకుతున్నాయి. కాని అరచేతి తెరపై, మధ్యమధ్య ముందుకు జరుపుతూ, పోరాటాలు మాత్రం ఏరుకొని చూస్తే అన్నిటికంటె ముఖ్యమైనదే జారిపోతుంది. భాష రానివి కనుక క్రింది అక్షరాలు చదువుకోవడానికైనా పెద్ద తెర అవసరం. కళాశాల కమిటీవారికి నా విన్నపం ఒకటి. మన సమావేశ మందిరంలో ప్రొజెక్టరు వున్నది. వార్షికోత్సవానికి తప్ప దానిని బయటికి తీయడం లేదు. నెలకొక శనివారం మధ్యాహ్నం ఒక చిత్రం వేయవచ్చు. మొదట 'బాలడ్ ఆఫ్ ఎ సోల్జర్' వేద్దాం. గంటన్నరలోపే ముగుస్తుంది, బస్సులకు పోవలసిన విద్యార్థినులకు కూడా ఆలస్యం కాదు. రెండవదిగా 1930 నాటి 'ఆల్ క్వయిట్' వేసే రోజున అధ్యాపకులందరూ తప్పక వచ్చి ముందువరుసలో కూర్చోవాలని కోరుతున్నాను.